మా మామ అమ్మిన ఎర్రగుడ్డలు

మదనపల్లె ఫ్యాన్సీ దుకాణంలో మా అబ్బాయికి బట్టలు చూస్తుంటే కొత్త సాటిన్ గుడ్డ వాసన వచ్చింది. మా అమ్మ తమ్ముడు, చిన్నమామ గుర్తొచ్చాడు. కామిక్ పుస్తకాల్లో హీరోలు వీపుకు కట్టుకునే ఎర్రగుడ్డల్ని ఆయన సంతల్లో అమ్మేవాడు. నన్ను వెంట తీసుకెళ్లి, తానొకటి కట్టుకుని, నాకూ ఒకటి కట్టి, "ఇది కట్టుకుంటే గాల్లో ఎగరొచ్చు, రాండమ్మా, రాండప్పా" అని కేకలు పెట్టేవాడు. నేను నమ్మాను. ఇంకా చిన్నదాన్ని కాబట్టే నాకు ఎగరడం రావట్లేదనుకున్నాను.

పుంగనూరు సంతలో ఒకాయన చేతికి కట్టుతో ఉన్న కొడుకును తీసుకొచ్చి, "నీ మాట ఇని వీడు మిద్దె మింద నుంచి దూకినాడు" అంటూ మామ చెంప పగలగొట్టాడు. మామ ఎగిరి తప్పించుకుంటాడని చూశాను. ఆయన తలొంచుకుని నిలబడ్డాడు.

బస్సులో అడిగాను. "మామా, యాల ఎగర్లేదు?"

"గుడ్డ కట్టుకుంటే ఎవురన్నా ఎగురుతారా పాపా," అన్నాడు కిటికీలోంచి బయటికి చూస్తూ.

తర్వాతి వారం కుప్పంలో మళ్లీ అదే కేక పెట్టాడు. ఒక పిల్లవాడు ఆశగా గుడ్డను తడుముతుంటే, "ఎగరలేవు, ఉత్తిదే" అని చెప్పేశాను. వాళ్లమ్మ వాడి చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది.

మామ నా మెడ దగ్గర ముడి విప్పి, గుడ్డను మూటలో పెట్టుకున్నాడు. ఆ తర్వాత నన్ను ఏ సంతకూ తీసుకెళ్లలేదు. నా మీద కోపమని చాలా ఏళ్లు అనుకున్నాను. కుప్పం తర్వాత నేను వింటుండగా ఇక ఆ అబద్ధం చెప్పలేకపోయాడు, అంతే. చెప్పడం మాత్రం మానలేదు.