ఏడు చెరువులు, ఒకే పెట్టె

ఏడు చెరువుల రొయ్యల్ని ఒక్క పూటలో చంపబోయిన ఘనుణ్ణి నేను. విషం కలపలేదు, ఉపన్యాసమిచ్చాను.

అప్పట్లో నాకు రెండు పనులు వచ్చు: కంప్యూటర్ నెట్‌వర్కులు వేయడం, మూఢనమ్మకాల మీద విరుచుకుపడటం. కైకలూరు దగ్గర రొయ్యలు పెంచే నాగమణిగారు మొదటి పనికే పిలిచారు. నీళ్ళను చిలికి గాలి అందించే ఏరియేటర్లను ఫోన్‌తో నడపాలి. అవసరమైనప్పుడు అవి తిరగకపోతే పంటంతా చచ్చి తేలిపోతుంది. ఆమె ఇంటికి ఆ పంటే ఆధారం.

వన్ టౌన్ బజారులో అన్నీ రెండేసి కొన్నాను. రెండు రౌటర్లు, రెండు స్విచ్‌లు, రెండు బ్యాటరీలు. ఇంటర్నెట్ లైన్లూ రెండే. ఒకటి చస్తే రెండోది అందుకుంటుంది. అన్నిటినీ ఒకే ఇనప్పెట్టెలో సర్ది, షెడ్డు ఈశాన్య మూలకు నడిచాను.

"ఆ మూల వద్దు బాబూ," అన్నారు నాగమణిగారు.

ఈశాన్య మూల వద్దనగానే నా నెత్తురు సలసల కాగింది.

"దిక్కులకు తెలివుండదండీ. వాస్తు పేరు చెప్పి ఇంకా ఎన్నాళ్ళు భయపడతారు?"

"అది కాదండీ..."

"అదేనండీ," అని అరగంట దంచాను. మేత వేసే వేళ దాటిపోతోందని "మీ ఇష్టమండీ" అనేసి వెళ్ళిపోయారామె. హేతువాదం గెలిచిందని పెట్టె బిగించాను.

మూడో రోజు పొద్దున్నే మబ్బు కమ్మింది. మబ్బుంటే నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది. దర్జాగా ఫోన్ నొక్కాను, ఏడు చెరువులూ నురగలెత్తాయి. అంతలో వాన. పెట్టె చిటపటలాడింది. ఏరియేటర్లన్నీ ఒక్కసారే ఆగిపోయాయి. చూద్దును కదా, పైరేకు అతుకులోంచి ధార సరిగ్గా పెట్టెలోకి. రెండేసి కొన్న సరుకంతా కలిసి తలంటుకుంటోంది.

"అక్కడ కారుద్దండీ," అన్నారు నాగమణిగారు. "చెప్పబోతే మీరు వాస్తు మీదకెళ్ళారు."

మొదటి చెరువులో రొయ్యలు పైకొచ్చి మీసాలాడిస్తున్నాయి. ఒక్కొక్కటీ నన్నే చూస్తున్నట్టుంది.

"ఎంతసేపు తట్టుకుంటాయండీ?"

"అరగంట కూడా కష్టమండీ."

చొక్కా విప్పి స్విచ్‌లు తుడిచాను. నోటితో ఊదాను. మీ దగ్గర దాచడమెందుకు, "లేమ్మా, నా తల్లీ" అని పెట్టెను బతిమాలాను కూడా. అది కదల్లేదు. నాకు చెమట, వాన తేడా తెలియడం మానేసింది.

నాగమణిగారు రబ్బరు బూట్లు తొడుక్కుని, గొడుగేసుకుని గట్టెక్కారు. ఠక్. మొదటి చెరువులో నీళ్ళు లేచాయి. ఠక్. రెండోది. ఏడో ఠక్కు వినబడేదాకా నేను ఊపిరి పీల్చినట్టు గుర్తులేదు. ఆమె నొక్కినవి ఏరియేటర్ల పాత చేతి స్విచ్‌లు.

"వాటిని పీకించేయమన్నాను కదండీ," అన్నాను నీరసంగా.

"అన్నారండీ. ఏవనుకోకండి, మీ మీద అంత నమ్మకం కుదరలేదు."

ఆ షెడ్డులో ఉన్న ఒకే ఒక్క హేతువాది నాకు తల తుడుచుకోమని తువ్వాలిచ్చారు.

దేవుడి మీద ఒట్టేసే అలవాటు లేదు కనక ఆ తువ్వాలు మీదే ఒట్టు. ఇకపై ఎవరైనా వద్దంటే "ఎందుకండీ" అని అడిగి, జవాబు పూర్తయ్యేదాకా నోరు విప్పను. విప్పితే నన్ను ఆ చెరువులోనే పడేయండి. ఏరియేటరు వేయనక్కర్లేదు.