షాబాద్ బండల మీద మాడ్యులస్

రేపు ఉదయం పదింటికి ఒక జూనియర్ కాలేజీలో డెమో క్లాసు చెప్పాలి. పాప పుట్టాక మూడేళ్ళుగా సుద్దముక్క పట్టలేదు. ఈ ఒక్క అవకాశమూ పోతే మళ్ళీ పిలిచేవాళ్ళు ఉండరని నాకు భయం. వాళ్ళిచ్చిన పాఠం మాడ్యులస్‌ను విడగొట్టి రెండు ముక్కలుగా రాయడం. పాపను నిద్రపుచ్చి వచ్చి |x − 3| అని రాసుకున్నాను, అంటే x నుంచి మూడుకు ఉన్న దూరం. x మూడు గాని, అంతకన్నా ఎక్కువ గాని అయితే x − 3. తక్కువైతే? చెయ్యి తనంతట తానే x + 3 అని రాసేసింది. చూసుకుని గబగబా కొట్టేశాను. ఎమ్మెస్సీ చదివినదాన్ని, ఇంటర్‌లో చేసిన తప్పే మళ్ళీ చేశాను.

అప్పుడు ఆ తప్పు పట్టుకున్నది మెట్టుగూడలో ఉండే మా మేనత్త. రైలు పోయినప్పుడల్లా వాళ్ళ వంటింట్లో గిన్నెలు కూడా ప్రయాణం కట్టేవి. అత్త వరండాలో కూర్చుని బియ్యంలో రాళ్ళేరుతూ ట్యూషన్ చెప్పేది. మా తప్పులూ అదే చూపుతో ఏరేది. నా నోట్‌బుక్ చూసి, "ఏందే కోడలా, మైనస్ కనవడంగనే దయ్యాన్ని చూసినట్టు ప్లస్ చేస్తవ్?" అంది. వరండాలో పరిచిన షాబాద్ బండల మీద సుద్దతో బండకొకటిగా వరసగా అంకెలు వేయించింది. బండ మీద నిలబడి చూసుకోనిదే ఆ ఇంట్లో ఎవరూ జవాబు రాయకూడదు.

"ఒకటి మీద నిలవడు. మూడు మీదికి ఎన్ని అడుగులు?"

"రెండు, అత్తా."

"నీ బుక్కేమో నాలుగంటుంది. బండలు అబద్ధమాడుతున్నయా?"

తరవాత నా చేతనే చెప్పించింది. ఒకటిలోంచి మూడు పోతే మైనస్ రెండు. ఆ మొత్తానికి ముందు ఇంకో మైనస్ పెడితే రెండు. అంటే మూడుకు ఇవతల రాయాల్సింది 3 − x. "గుర్తును కాదు, మొత్తాన్ని తిప్పాలె," అని మళ్ళీ బియ్యంలో తలదూర్చింది.

అత్త ఇప్పుడు సీతాఫల్‌మండిలో కొడుకు దగ్గర ఉంటుంది, తొమ్మిదికే పడుకుంటుంది. ఫోన్ చేతిలోకి తీసుకుని మళ్ళీ పెట్టేశాను. పాప ఆడుకునే సుద్దముక్క తీసుకుని మా హాలు టైల్స్ మీద అంకెలు వేసి, ఒకటి మీద నిలబడ్డాను. రెండు అడుగులు. అయినా భయం తగ్గలేదు. రేపు అరవై మంది ముందు చెయ్యి మళ్ళీ జారితే? సుద్దముక్కను హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. బోర్డు కన్నా ముందు నేల మీదే గీస్తాను, నవ్వితే నవ్వనీ. ఆ వరండాకూ ఈ హాలుకూ మధ్య పదిహేనేళ్ళున్నాయి. భయంతో ఒకటి మీద నిలబడి చూస్తే ఆ దూరం ఒక్క అడుగు కూడా లేదు.