రాజమండ్రి తీగల మీద పిట్టలు, మామయ్యగారి కేక

నా రాతలో తప్పులుంటే ఏమీ అనుకోకండి. ఏడో తరగతితో బడి మానేశాను, అక్షరాలు కోడి గీకినట్టుంటాయి. కాగితం మీద రాసిస్తే మా ఆడపడుచు తన బ్లాగులో ఎక్కిస్తానంది. చలికాలం పిట్టల్ని చూడ్డానికి రాజమండ్రి వెళ్ళేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

పాప పుట్టినప్పుడు రాజమండ్రి ఆసుపత్రిలో మంచం మీంచి చూస్తే, కిటికీలో కనబడే కాస్త ఆకాశం నల్లగా సుళ్ళు తిరుగుతోంది. "పిట్టలమ్మా, రోజూ ఈ వేళకి కరెంటు తీగల మీద పడుకోడానికి వస్తాయి" అంది ఆయా. లేచి చూసే ఓపిక లేదు. ఐదేళ్ళయినా అది మనసులోంచి పోలేదు. మొన్న అన్నాల దగ్గర మా ఆయనతో చెప్పబోయి, మామయ్యగారికి వినబడేలా అనేశాను. పెళ్ళయ్యాక నోరు తెరిచి నేనడిగిన మొదటి కోరిక అది. మామయ్యగారు ముద్ద ఆపి, "మన నారుమడి మీద ఊరికే కనబడే పిట్టల్ని చూడ్డానికి బస్సెక్కాలా?" అన్నారు. దాళ్వాకి, అంటే రెండో పంటకి, నారుమడిలో మొలకెత్తిన వడ్లు చల్లాం. పిట్టలు వాలి ఏరుకు తినకుండా పొద్దున్నించీ ఆయన గట్టు మీదే ఉంటున్నారు. చివరికి అత్తయ్యగారే, "ఒక్క పూట గట్టు మీద డబ్బా కొట్టి పిట్టల్ని నేను తోలతాను లెండి, కోడలుపిల్లని తీసుకెళ్ళండి" అన్నారు. ఈ ప్రయాణం బాగోకపోతే ఇంక జన్మలో ఏదీ అడగలేనని నాకు తెలుసు.

మామయ్యగారు, మా ఆయన, పాప, నేను రామచంద్రపురంలో రెండింటికి బస్సెక్కాం. మండపేట, ద్వారపూడి మీదుగా గంటన్నర పైనే పట్టింది. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకి టికెట్ లేదు. రాజమండ్రి బస్సు కాంప్లెక్స్ దగ్గర ఆటో ఆయన, "ఆయ్, పిట్టలకాండీ? ఐదున్నరకి గానీ రావండి. మనిషికి ఇరవై ఇవ్వండి, సరిగ్గా వాటి కిందే దింపుతాను" అని మెయిన్ రోడ్డు బజారులో దింపాడు. అక్కడ బజ్జీల బండి మీద మందపాటి పట్టా కట్టి ఉంది. ఎండ లేదుగా, పట్టా ఎందుకని పాప చేత అడిగించాను. "ఇంకాసేపట్లో పైనుంచి తెల్లటి వాన పడుతుందమ్మా, మీరూ కిందకి జరగండి" అని నవ్వింది బజ్జీలావిడ. మా ఆయన పాపకి రోజ్ మిల్క్ తెస్తానని వెళ్ళారు.

ఐదున్నర దాటాక గోదావరి వైపు పొగలాంటిది లేచింది. చూస్తుండగానే నెత్తి మీదకి వచ్చేసింది. పిచ్చుకంత పిట్టలు, చీలిన తోకలు, వేలకి వేలు! వీధంతా తలలెత్తి నిలబడింది. పిట్టలు తీగల మీదకి దిగుతున్నాయి. సరిగ్గా అప్పుడు నా పక్కనే, "హోయ్... హోయ్... హుష్షా!" అని ఊరు దద్దరిల్లేలా కేక, చప్పట్లు. మామయ్యగారు! ఒక్క క్షణంలో తీగలన్నీ ఖాళీ.

నేను కొయ్యబారిపోయాను. ఆయనా అంతే, చేతులు ఎత్తినవి ఎత్తినట్టే ఉండిపోయాయి.

"ఎవరండీ బాబూ అది!"

"పిల్లలు గంట నుంచి నిలబడ్డారు కదండీ!"

కెమెరా స్టాండు పెట్టుకున్న ఒకాయన మీదకొచ్చి, "ఏం పెద్దాయనా, పొలమనుకున్నావా? ఇంటికెళ్ళి తోలుకో" అన్నాడు. మా ఊళ్ళో ఆయన్ని గారు లేకుండా పిలిచేవాళ్ళు లేరు. అలాంటి మనిషి కండువా నోటికి అడ్డం పెట్టుకుని తల దించేశారు. నేనడగబట్టే కదా వచ్చారు!

"కావాలని కాదండి!" అని ఎవరో అరిచారు. ఆ గొంతు నాదే. "ఆయన రైతండి. రోజంతా నారుమడి మీద పిట్టల్ని తోలే మనిషండి. గుంపు దిగేసరికి చెయ్యి దానంతటదే లేచిపోయిందండి. ఆయన్ని ఏమీ అనకండి!"

వీధి వీధంతా నన్నే చూసింది.

బజ్జీలావిడ పగలబడి నవ్వింది. "మా నాన్నా అంతేనండీ బాబూ! టీవీలో కొంగ కనబడినా కర్ర తీసేవాడు. కంగారు పడకండి, వస్తాయి. అవి గింజ ముట్టవండి, దోమలూ పురుగులే." జనమూ నవ్వేశారు. కెమెరా ఆయన "సారీ అండి" అని గొణిగి పక్కకి తప్పుకున్నాడు.

పావుగంటకి, మా ఆయన రోజ్ మిల్క్ తెచ్చేసరికి, పిట్టలు మళ్ళీ వచ్చాయి. "చప్పట్లు కొట్టకు తాతయ్యా" అని పాప ఆయన రెండు చేతులూ గట్టిగా పట్టేసుకుంది. పూసలు గుచ్చినట్టు తీగల నిండా కూర్చున్నాయి. లైట్లు వెలిగినా, కింద హారన్లు మోగినా కదల్లేదు. "ఇన్నా!" అన్నారు మామయ్యగారు, చాలా సన్నగా.

తిరుగు బస్సు ద్వారపూడి దాటింది. అప్పుడు, ఏదైనా మా ఆయన చేతే చెప్పించే మామయ్యగారు నావైపు తిరిగి, "అమ్మాయ్, నిజంగా గింజ ముట్టవా?" అనడిగారు.

"ముట్టవటండి."

"మరి ముందే చెప్పొద్దూ!"

ఆ పిట్టల గుంపుకి ఎక్కువ అదిరిపోయానో, ఆయన కేకకో, నా గొంతుకో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. అంత కేకకి లేచిపోయినవి మళ్ళీ అదే తీగ మీదకి వచ్చి హాయిగా పడుకున్నాయి. నేనైతే వారం దాకా ఆ వీధి మొహం చూసేదాన్ని కాదు. వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట: గొడుగు పట్టుకెళ్ళండి, వెంట రైతులుంటే వాళ్ళ రెండు చేతుల్లోనూ బజ్జీల పొట్లాలు పెట్టండి. ఇది చదివాక మీ ఫోన్లోంచి తీసెయ్యండి, కాగితం నేను పొయ్యిలో పెట్టేస్తాను. మామయ్యగారిని బజారులో అంత మాట అన్నారని అత్తయ్యగారికి మేమెవరమూ చెప్పలేదు మరి.