మామిడి పెట్టె మీద అడ్రసు

ఎంబీబీఎస్ ఐదున్నరేళ్లు, ఎండీ మూడేళ్లు, ఆపైన న్యూరాలజీలో డీఎం మరో మూడేళ్లు. మధ్యమధ్య ప్రవేశ పరీక్షల కోసం తలుపేసుకుని కూర్చున్న కాలం వేరు. తమిళనాడు సరిహద్దులోని మా వేప్పనపల్లి లెక్కలో మాత్రం నేనింకా పాస్ కానివాడినే. నాతో బడికి వచ్చినవాళ్లు హోసూరు ఫ్యాక్టరీల్లో సూపర్‌వైజర్లయి పిల్లల్ని కాన్వెంట్లో వేశారు. సెలవులకు వెళితే పక్కింటి పెద్దమ్మ జాలిగా పలకరించేది.

"ఏమప్పా, ఈ తూరైనా పాసైనావా?"

మా నాన్న ఒక్కడే ఏమీ అడిగేవాడు కాదు. ఏటా మా తోట మామిడికాయల్ని అట్టపెట్టెలో సర్ది, పైన స్కెచ్ పెన్నుతో నా పేరూ హాస్టల్ అడ్రసూ తమిళంలో రాసి, కృష్ణగిరి వెళ్లి చెన్నై బస్సులో వేసేవాడు. ఎంబీబీఎస్ రోజుల్లో ఆ అక్షరాలు పెట్టెంతా ఆక్రమించేవి. హాస్టల్ వాచ్‌మన్ దూరం నుంచే చదివి నన్ను కేకేసేవాడు. డీఎంలో చేరాక ఊరికి వెళ్లడమే కుదరలేదు. ఆఖరి ఏడు వచ్చేసరికి పెట్టెను కళ్ల దగ్గరికి ఎత్తుకోవాల్సి వచ్చింది. "మీ నాన్న ఇంకు ఆదా చేస్తున్నారేమో" అన్నాడు నా రూమ్మేటు. ఇద్దరం నవ్వుకుని పండ్లు తిన్నాం. ఖాళీ పెట్టెలో పుస్తకాలు వేసి మంచం కిందికి తోశాను.

ఆఖరి పరీక్షలో, చేతులు వణకక ముందే పార్కిన్సన్స్ జబ్బును పట్టించే గుర్తు ఒకటి చెప్పమన్నారు ప్రొఫెసరు. "రాత చిన్నదైపోతుంది సార్" అన్నాను గుక్క తిప్పుకోకుండా. ఆయన మెచ్చుకున్నారు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

గది ఖాళీ చేస్తూ పుస్తకాల పెట్టెలు బయటికి లాగాను. డీఎం మూడేళ్లవి మూడు. మొదటిదాని మీద నా పేరు జానెడు పొడవుంది. మూడోదాని మీది పేరు అగ్గిపెట్టె మీద పట్టేస్తుంది. సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడే ఊరు చేరాను. నాన్న వాకిట్లో చొక్కా గుండీ పెట్టుకుంటున్నాడు. ఒక్క గుండీకే చాలాసేపు పట్టింది.

"ఎన్నాళ్లుగా ఇట్లా?"

"మూడేండ్లు అయితా ఉందప్పా."

"మరి డాక్టరు దగ్గరికి ఎందుకు పోలేదు?"

"ఇంట్లోనే నరాల డాక్టరు తయారైతా ఉంటే ఇంక యాడికి పోయేది? నీ చదువు అయిపోనీ అని కాచుకోని ఉన్నా."

నాకు ఏడుపొచ్చింది. ఆయన చెయ్యి పట్టుకుని, మెల్లగా మణికట్టు దగ్గర వంచి చూశాను. అది బిగుసుకుపోయి ఉంది.

పక్కింటి పెద్దమ్మ గోడ మీంచి తొంగి చూసింది.

"ఏమప్పా, పాసైనావా?"

"లేదు పెద్దమ్మా" అన్నాను.