సత్యవతి ఇచ్చిన మంచినీళ్ళు

ఏలూరు స్టేషన్లో దిగేసరికి ఉదయం ఐదూ నలభై. ముసురు. బూటు విప్పితే చేపపిల్ల దూకింది. నమ్మకపోతే మీ ఇష్టం.

నేను సైనిక వైద్యదళంలో నర్సింగ్ అసిస్టెంటును. మాది తాడేపల్లిగూడెం. భాష వచ్చినవాణ్ణని నన్ను పంపారు. కొల్లేరు ఊళ్ళలో తాగే నీటిలో, మనుషుల రక్తంలో సీసం ఎంత ఉందో తేల్చాలి. ఇంటికో నీళ్ళ సీసా. మనిషికో రక్తపు గొట్టం. సాయంత్రం ఐదులోపు ఐసుపెట్టె ఏలూరులో కెప్టెన్ డాక్టరుకు చేరాలి.

పెదపాడు దాటాక చేపల చెరువుల గట్లే దారి. ఆఖరున పడవ.

సూది చూసి జనం లోపలికి పోయేవారు. అందుకే కోతలు కోశాను. లదాఖ్‌లో నా రక్తం సిరంజిలోనే గడ్డకడితే స్టవ్వు మీద కరిగించుకున్నానన్నాను. నవ్వుతూ చేతులు చాపారు.

వైర్‌లెస్‌లో కెప్టెన్: "కథలు ఆపి లెక్క చెప్పు. ఓవర్."

"పదకొండు ఇళ్ళు సార్. అబద్ధానికో గొట్టం. ఓవర్."

పన్నెండో ఇల్లు సత్యవతిది. ఆమెకు ఏడో నెల.

"మీవన్నీ కోతలేనండీ," అంది, చెయ్యి చాపుతూనే.

"సగమేనమ్మా. మీరు తాగే నీళ్ళు కాసిని ఈ సీసాలో పొయ్యండి."

తోమిన స్టీలు గ్లాసు నిండా తెచ్చింది. సగం సీసాలో పోసింది. మిగతాది నాకిచ్చింది. తియ్యగా ఉన్నాయి.

రక్తం రిపోర్టులకు నెల పట్టింది. నీళ్ళవి నాలుగో రోజుకే వచ్చాయి. ఆ ఇంటి నీళ్ళలో సీసం లేదు. వెళ్ళి చెప్పమని ఆర్డరు. కాగితంలో ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"మీ నీళ్ళు బాగున్నాయమ్మా. భయం లేకుండా తాగండి."

"ఇదైనా నిజమేనాండీ?"

"యూనిఫారం మీద ఒట్టు."

నెలకు రక్తం రిపోర్టులొచ్చాయి. సీసం అందరికన్నా సత్యవతికే ఎక్కువ.

"నీళ్ళలో లేనిది రక్తంలోకి ఎలా వచ్చింది? మళ్ళీ వెళ్ళు. ఓవర్."

ఉదయం పదీ పదికి ఆ ఇంటి ముందున్నాను. అత్తగారు అరుగు మీద కూర్చుంది. సత్యవతి లోపల గోడవైపు తిరిగి పడుకుంది. వారం కిందట బిడ్డ చనిపోయి పుట్టిందట.

"ఆరోజు నాకిచ్చిన నీళ్ళు ఎక్కడివమ్మా?"

"ఆకివీడు నుంచి వచ్చే టిన్ను నీళ్ళండీ. చుట్టాల కోసం ఉంచుతాం. ఇంటికొచ్చిన మనిషికి చేతిపంపు నీళ్ళు ఇస్తామాండీ?"

"మరి మీరు తాగేవి?"

"చేతిపంపువే. కోడలికి నెలలు నిండేదాకా టిన్ను నీళ్ళే ఇద్దామనుకున్నాం. మీరు బాగున్నాయన్నారు కదాండీ... మానేశాం."

ఆ పంపు నీళ్ళు ఇక ముట్టుకోవద్దని చెప్పి, సీసా నింపుకున్నాను. అందులో సీసం ఉందని తర్వాత తేలింది. బిడ్డ పోయింది దానివల్లేనని చెప్పలేమన్నారు కెప్టెన్. నేను డాక్టర్ని కాను. ఆ మొదటి సీసా పట్టింది మాత్రం నేనే.

ఇప్పుడు గూడెంలో ఉంటున్నాను. కోతలు కోస్తూనే ఉన్నాను. జనం నవ్వుతారు. ఇది మాత్రం ఎవరికీ చెప్పలేదు.

పంపు నీళ్ళు పట్టుకున్న ఆరోజు నేను లేవబోతుంటే సత్యవతి గోడ పట్టుకుని వచ్చింది. చేతిలో అదే స్టీలు గ్లాసు, అంచుదాకా నిండుగా.

"ఎండన పడి వచ్చారు. తాగి వెళ్ళండి. పంపువి కాదులెండి."

నేను తాగేదాకా అలాగే నిలబడింది.