అక్క కుట్టిన టగ్గులు

కుక్కపిల్లలకు చదువు చెప్పే ఆవిడను ఆ బడిలో అందరూ టీచరమ్మ అంటారు. మొదట్లో ఎగతాళికి పిలిచారు. ఇరవై ఏళ్ళు గడిచేసరికి అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా మిగల్లేదు.

పెట్టెల్లో, సంచుల్లో దాచిన సరుకును వాసనతో పట్టే కుక్కలను తయారుచేసే బడి అది. పెద్ద కుక్కలకు పెద్ద మాస్టర్లున్నారు. బూట్లు, టోపీలు, ఫోటోలు అన్నీ వాళ్ళవే. రెండు నెలల వయసులో వచ్చి, కనిపించిన చెప్పునల్లా కొరికి, నిలబడ్డ చోటల్లా తడిపే బుడతలు మాత్రం టీచరమ్మ వంతు. ఆరు నెలలు నిండేలోపు వాటికి మూడు సంగతులు ఒంటబట్టించాలి. తిండి ముక్క కోసం మాట వినడం, అరచెయ్యి చాపితే వచ్చి ముక్కుతో తాకడం, బొమ్మ కోసం ప్రాణం పెట్టడం.

మూడోది రాకపోతే మిగతా రెండూ వచ్చినా దండగే. పెద్దయ్యాక ఆ కుక్క రోజంతా పెట్టెల చుట్టూ తిరిగేది ఒక్క టగ్గు కోసం. టగ్గంటే బ్రహ్మపదార్థమేమీ కాదు, మూరెడు పొడవు గుడ్డ చుట్ట, రెండు కొసలా చెయ్యి దూరే చెవులు. చెవి మనిషి పట్టుకుంటే నడుము కుక్క కరుచుకుంటుంది. ఇద్దరూ చెరోవైపు లాగుతారు. పని చేసిన కుక్కకు అదే జీతం, అదే పండగ.

బడికి టగ్గులన్నీ టీచరమ్మ వాళ్ళక్క కుట్టేది. అక్క టైలరు. అక్కచెల్లెళ్ళిద్దరూ రెండు గదుల ఇంట్లో కలిసి ఉండేవారు, రోజుకో పోట్లాట లేనిదే ఇద్దరికీ అన్నం సహించేది కాదు. పాత జీన్సు ప్యాంట్ల కాళ్ళు కోసి, లోపల ఇంట్లోని చింకి గుడ్డలు కూరి, మూడు వరసల కుట్టు వేసి, "నా కుట్టు తెంపే కుక్క ఇంకా పుట్టలేదే" అని చెల్లెలి ఒళ్ళోకి విసిరేది. నాలుగు నెలల కిందట ఒక మధ్యాహ్నం అక్క కుట్టుమిషను మీద తల వాల్చింది. కునుకు తీస్తోందనుకుని టీచరమ్మ పక్కనుంచే రెండుసార్లు నడిచి వెళ్ళింది. మూడోసారి లేపబోతే లేవలేదు.

ఆ రోజు నుంచి టీచరమ్మ ఏడవలేదు. ఏడవని మనిషిని చుట్టాలు క్షమించరు. మందు తాగించినట్టు "ఏడువమ్మా, తేలికవుతుంది" అని ఒకరి తర్వాత ఒకరు వచ్చి కూర్చున్నారు. పిన్ని అయితే "దీనికి గుండె లేదు" అని వంటగదిలో గట్టిగానే అంది. టీచరమ్మ విన్నది. కోపం కూడా రాలేదు. బాధ ఉంటే బాధ అని చెప్పుకోవచ్చు, ఆమెకు ఏమీ లేదు. చెయ్యి తిమ్మిరెక్కితే గిల్లినా తెలియదే, లోపలంతా అలా ఉండేది. ఐదో రోజు పొద్దున్నే లేచి, నడుముకు తిండి సంచి కట్టుకుని పనికి వెళ్ళిపోయింది.

మూడు వారాలకు కొత్త బుడతలు మూడు వచ్చాయి. రెండు ఘటాలు. కరెంటు స్తంభాన్ని చూపినా పట్టుకుని లాగే రకం. మూడోది గోధుమరంగుది, అడుగు తీసి అడుగు వేసేముందు ఆలోచించేది. దానికి నత్త అని పేరు పడింది. నత్తకు తిండి పిచ్చి, తెలివి ఎక్కువ. చిటికెనవేలి గోరంత ఉడకబెట్టిన మాంసం ముక్కకు అది ఏదైనా నేర్చుకునేది. గోడకు అంటించిన డబ్బా మూతను ముక్కుతో తాకడం ఒక్క పూటలో వచ్చేసింది. సరిగ్గా చేసిన క్షణంలో "భలే" అనాలి, వెంటనే ముక్క నోట్లో పెట్టాలి. టీచరమ్మ అనేది, పెట్టేది. ఆ "భలే" మాత్రం కరెంటు మీటరు రీడింగు చదివినట్టుండేది. నత్తకు పట్టింపు లేదు, ముక్క వస్తే చాలు.

మధ్యాహ్నాలు ఆమె గట్టు మీద కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకునేది. అరచేతులు పైకి తెరుచుకుని ఉండేవి. నత్త వచ్చి చల్లటి ముక్కు ఆనించి, మొహంలోకి చూసేది. చూసినవాళ్ళు "ఎంత ప్రేమో! ఓదారుస్తోంది" అనేవారు. టీచరమ్మకు తెలుసు, అది ఓదార్పు కాదు, అరచెయ్యి పాఠం. లేచి ఒక ముక్క పెట్టి మళ్ళీ కూర్చునేది.

బుడతలకు ఐదు నెలలు నిండగానే మొదటి పరీక్ష జరిగింది. పరీక్ష పెట్టేది కళ్ళజోడు సారు, నవ్వకుండా జోకులేసే మనిషి. ఆయన టగ్గును నేలమీద ఎలకలా పరిగెత్తించాడు. మిగతా రెండూ ఎగిరి పట్టి వేలాడాయి. ఇరవై లెక్కపెట్టేదాకా వదలకపోతే పాసు, అవి నలభై దాకా వదల్లేదు. నత్త కూడా ఉరికి కరుచుకుంది. కరిచిన మరుక్షణం టగ్గును సారు బూటు మీద మర్యాదగా పెట్టి, కూర్చుని, తిండి సంచి కోసం ఆయన నడుము వైపు చూసింది.

"ఇంత సంస్కారవంతురాల్ని ఈ సర్వీసులో చూళ్ళేదు," అన్నాడు సారు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆయన కాగితం మీద 'ఆట మీద ఆసక్తి లేదు' అని రాశాడు. "పన్నెండు రోజుల్లో ఇంకోసారి చూస్తా టీచరమ్మా. అప్పుడూ ఇంతే అయితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు."

చెప్పక్కర్లేదు. రెండుసార్లు తప్పిన పిల్ల యాజమాన్యం వాళ్ళ గోడౌనుకు కాపలాగా పోతుంది. ఇంటికి తీసుకెళ్తానని టీచరమ్మ గతంలో ఒకసారి అడిగితే రూలు ఒప్పుకోదన్నారు. ఆ గోడౌను ఆమె ఇంటికెళ్ళే దారిలోనే ఉంది. షట్టరు పక్కన నల్లది ఒకటి గొలుసుతో ఉంటుంది, మూడేళ్ళ కిందటి ఆమె శిష్యురాలే. దారిన పోతూ ఎవరైనా అరచెయ్యి ఊపితే చాలు, అది గొలుసు బిగుసుకునేదాకా వచ్చి, మెడ చాపి, గాలిలో ముక్కు పెట్టి నిలబడుతుంది. టీచరమ్మ ఆ సందు దగ్గర చేతులు జేబులో పెట్టుకుని నడుస్తుంది.

మర్నాడు ఆమె రబ్బరు టగ్గుతో నత్తకు పాఠం మొదలుపెట్టింది. పంజరాలు కడిగే బాబాయి పైపు పట్టుకుని కాసేపు చూశాడు. పాతికేళ్ళుగా అక్కడే ఉన్న మనిషి, కుక్కల కంటే ఎక్కువ మాస్టర్లను చూశాడు.

"అమ్మాయ్, దాన్ని పట్టుకోమంటున్నావా, వదిలెయ్యమంటున్నావా?"

"అదేం మాట బాబాయ్? ఆట నేర్పుతున్నా."

"నాకేం తెలుస్తుందిలే, నీళ్ళు కొట్టేవాణ్ణి. నీ ఫోన్లో వీడియో తీసుకో. నీకే కనబడుద్ది."

ఫోను గట్టు మీద ఆనించి తీసుకుంది. చూసుకుంది. నత్త పళ్ళు టగ్గుకు తగిలీ తగలకముందే ఆమె గొంతు "వదులు" అంటోంది. నత్త వదలగానే "భలే", మాంసం ముక్క. నలభైసార్లలో ముప్పై ఎనిమిదిసార్లు అదే. మూడు నెలలుగా ఆమె దానికి ఆట నేర్పనేలేదు. నోట్లోది పారేయడం నేర్పింది, అదీ చాలా బాగా నేర్పింది. పెంకివి రెండూ ఆమె మాట లెక్కచేయక బాగుపడ్డాయి. బుద్ధిమంతురాలు కాబట్టే నత్త చెడిపోయింది.

ఎప్పుడు మొదలైందో కూడా ఆమెకు గుర్తొచ్చింది. మొదటిరోజు తెచ్చింది అక్క కుట్టిన టగ్గే. నత్త లాగగానే ఎక్కడో ఒక దారం టప్పున తెగింది. ఆమె నోటివెంట "వదులు" అని దానంతటదే వచ్చేసింది. ఆ సాయంత్రమే దానితో కలిపి మిగిలిన ఐదు టగ్గులనూ ఇంటికి తీసుకెళ్ళి, బీరువా అడుగున, అక్క కొలత టేపు పక్కన పెట్టి తాళం వేసింది. బడికి రబ్బరువి వచ్చాయి. వాటికి తెగే దారం లేకపోయినా నోటికి మాత్రం ఆ మాట అలవాటైపోయింది.

"తప్పు దానిది కాదు బాబాయ్, నాదే," అంది. ఆ మాట చెబుతున్నప్పుడు కూడా గొంతులో ఏ మార్పూ లేదు.

"తెలిసిందిగా. ఇంక దిద్దుకో," అన్నాడు బాబాయి, పైపు తిప్పుకుని.

ఆమె తిండి సంచి విప్పేసింది. "వదులు" అనే మాట మానేసింది. రబ్బరు టగ్గంటే నత్తకు పారేసే వస్తువు, దాన్ని అటకెక్కించింది. తువ్వాలు ముడివేసి తెచ్చింది. మూడు రోజులు దాన్ని నేలమీద ఈడ్చింది, పరిగెత్తింది, పాఠం పుస్తకంలో ఉన్నవన్నీ చేసింది. నత్త పట్టేది, ఒకసారి మొహంలోకి చూసేది, మెల్లగా కింద పెట్టేది. తిండి ఎంత మొద్దుబారిన చేత్తో పెట్టినా కుక్క తింటుంది. ఆటకు మాత్రం అవతల మనిషి ఉండాలి. తాడు కొసన ఎవరూ లేరని ఆ పిల్లకు తెలిసిపోయింది. టీచరమ్మకూ తెలుసు, కానీ లేని మనిషిని ఎక్కణ్ణుంచి తెస్తుంది?

నాలుగో రోజు ఇంటికెళ్ళేటప్పుడు గోడౌను దగ్గర నల్లది మెడ చాపి నిలబడి ఉంది. ఆ రోజు అరచెయ్యి ఎవరూ చాపలేదు. అయినా నిలబడింది. టీచరమ్మ ఇంటికి పోయి, చెప్పులు కూడా విప్పకుండా బీరువా తెరిచింది.

మర్నాడు జీన్సు టగ్గు నత్త ముందు పడింది. నత్త పట్టింది. చెయ్యి అలవాటుగా సడలబోయి ఆగింది. ఎందుకంటే వదిలేస్తే అది తీసుకుపోతుంది, తీసుకుపోతే చింపుతుంది. టీచరమ్మ బిగించి పట్టుకుంది. పాఠం కోసం కాదు, నిజంగానే ఇవ్వాలని లేక. నత్త ఒక్క క్షణం ఆశ్చర్యపోయింది. తర్వాత నాలుగు కాళ్ళూ నేలకు తన్నిపెట్టి, తోక లేపి, కడుపులోంచి గుర్రుమని లాగింది. ఇన్నాళ్ళకు దానికి అవతల ఒక మనిషి దొరికింది. పట్టు జారి టీచరమ్మ వెనక్కి కూలబడింది. నత్త టగ్గును నోట కరుచుకుని మైదానమంతా ఊరేగింది.

"అదీ!" అన్నాడు బాబాయి.

ఆ వారంలో నాలుగు టగ్గులు పోయాయి. ఒక్కొక్కటి చినిగినప్పుడు లోపలి గుడ్డలు బయటపడేవి. వంటగది పాత కర్టెను. దిండు గలేబు. అక్క నీలం నైటీ. టీచరమ్మ వాటిని ఏరి, మడిచి, సంచిలో పెట్టుకునేది. గలేబు మీది నూనె మరక దగ్గర కాసేపు ఆగింది. ఏమైనా అనిపిస్తుందేమోనని చూసుకుంది. ఏమీ అనిపించలేదు.

పన్నెండో రోజు చివరి టగ్గు పట్టుకుని పరీక్షకు వెళ్ళింది. కళ్ళజోడు సారు ఆమెనే ఆడించమన్నాడు. "దాని మర్యాద సంగతి నాకు తెలుసు. మీతో ఎలా ఉంటుందో చూద్దాం."

నత్త ఎగిరి పట్టింది. సారు లెక్క మొదలుపెట్టాడు. ఎనిమిది, తొమ్మిది. పదకొండు దగ్గర కుట్టు పటపటమని తెగింది. జీన్సు నోరు తెరిచింది, లోపలి నుంచి పసుపు ఉన్ని బయటికి వచ్చింది. ఒక పేలిక మీద చెక్క గుండీ ఉంది. ఇంకోదాని మీద ఇస్త్రీపెట్టె మూతి ముద్ర, కమిలిపోయి, ముక్కోణంగా, స్పష్టంగా ఉంది.

ఆ పసుపు స్వెటరు టీచరమ్మది. దాని కోసం రెండేళ్ళ కిందట ఇల్లంతా గాలించింది. ఆ చెక్క గుండీ తన చేత్తో కుట్టుకున్నది. "నీ మీదొట్టు, నేను చూడనే లేదు," అంది అక్క, కత్తిరిస్తున్న గుడ్డలోంచి తల కూడా ఎత్తకుండా. "పారేసుకుని నన్నంటావేం?" అని ఎదురు పోట్లాడింది. మూడు రోజులు మాటల్లేవు. నాలుగో రోజు చెల్లెలే వెళ్ళి తప్పయిపోయిందని చెప్పింది. అక్క పెద్ద మనసు చేసుకుని క్షమించింది కూడా.

"అబద్ధాలకోరుదానా!" అని అరిచింది టీచరమ్మ.

హాల్లో అందరూ తిరిగి చూశారు. ఆ గొంతు విని నాలుగు నెలలైంది.

"కాల్చేసి, కుక్కలకు కుట్టేస్తావా? పైగా నా మీద ఒట్టా? నాచేత తప్పు ఒప్పిస్తావా? దొంగా! లే, లేచి సమాధానం చెప్పు!"

ఆ అరుపంతా తనతో ఆటేననుకుంది నత్త. ఒళ్ళు తెలియని సంతోషంతో రెట్టింపు బలంగా లాగింది. టీచరమ్మ రెండు చేతులతో లాగింది. కళ్ళలోంచి, ముక్కులోంచి నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. అక్క పోయింది. ఇన్నాళ్ళూ అందరూ చెబుతున్న ఆ మాట ఇప్పుడు, ఈ కాలిన స్వెటరు మీద తగువు తీర్చుకోవడానికి ఎవరూ లేనప్పుడు, ఆమెకు తగిలింది.

కళ్ళజోడు సారు ముప్పై దగ్గర లెక్క ఆపేశాడు. కాగితం మీద ఏదో కొట్టేసి, ఏదో రాశాడు. "పాసు టీచరమ్మా. పాసైపోయింది. ఇంక వదలమని చెప్పండి."

ఆమె నోరు తెరిచింది. వెక్కిళ్ళు తప్ప మాట రాలేదు. గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్న బాబాయి పైపు కింద పడేసి దగ్గరికొచ్చాడు గాని, మధ్యలో చెయ్యి పెట్టలేదు. కాసేపు టీచరమ్మా నత్తా అలాగే, చెరో కొసా పట్టుకుని లాక్కుంటూ ఉండిపోయారు.