నత్తకి సున్నం

నౌపడ స్టేషన్‌లో రైలు ఆలస్యమని తెలిసి బెంచీ మీద నీరసంగా కూలబడ్డాను. ఒళ్లో నీళ్ళ సీసా, అందులో మా అక్వేరియంలో మిగిలిన, ఇంట్లో వదల్లేక వెంట తెచ్చుకున్న ఒకే ఒక్క నత్త. కాల్షియం చాలక మిగతావన్నీ గుల్లలు అరిగి చచ్చిపోయాయి. దీని గుల్ల కూడా తెల్లబారి పెచ్చులూడుతోంది.

పక్కన ఒక ముసలావిడ తమలపాకుకి సున్నం రాసుకుంటోంది.

"మామ్మా, కాస్త సున్నం పెట్టు, ఈ నీళ్ళలో కలుపుతాను," అన్నాను.

ఆవిడ డబ్బీ వెనక్కి లాక్కుంది. "సంపేస్తావేటి దాన్ని? కోడిగుడ్డు పెంకు కడిగి, నూరి ఎయ్యి."

"రెండూ కాల్షియమే. నేను చదువుకున్నదాన్ని."

"నానూ ముప్పయ్యేళ్ళు గుల్లలు కాల్సి సున్నం సేసినాను తల్లీ. సూడు," అని చేతులు చాపింది. వేలికొసల మీద ఒక్క గీత లేదు. "రేషన్ మిసను నా ఏలిముద్ర తీసుకోదు. నా ఏలే ఇలాగైపోతే నీ నత్తెంత?"

సీసాని ఆవిడ డబ్బీకి దూరంగా జరుపుకున్నాను.

ఇంటికొచ్చి పెంకు పొడే వేశాను. నత్త బతికింది, గుల్లకి కొత్తగా పెరిగిన అంచు గట్టిగా ఉంది. అరిగిన చోటు మాత్రం అలాగే ఉంది. అది ఇక పూడదట.